యాక్సెస్‌లో ఒక డేటాబేస్ నుంచి మరోదానికి డేటా తెస్తే బోల్డ్, రంగులు పోయి ట్యాగులు కనిపిస్తున్నాయి. ఎందుకు?

మీ ఫార్మాటింగ్ ఎక్కడికీ పోలేదు. ఆ ట్యాగులే అది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2007 నుంచి పొడవైన టెక్స్ట్ ఫీల్డులో (అప్పట్లో దాని పేరు మెమో) బోల్డ్, రంగు లాంటివాటిని హెచ్‌టీఎంఎల్‌గా, అంటే వెబ్ పేజీల్లో వాడే <b> లాంటి ట్యాగులతో, దాస్తుంది. ఫీల్డుకి 'టెక్స్ట్ ఫార్మాట్' అనే ప్రాపర్టీ ఒకటి ఉంటుంది. అది 'రిచ్ టెక్స్ట్' అయితే ట్యాగుల్ని చదివి బోల్డ్‌గా చూపిస్తుంది, 'ప్లెయిన్ టెక్స్ట్' అయితే ట్యాగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది.

కాబట్టి డేటా ఎక్కించడానికి ముందే కొత్త టేబుల్‌ని డిజైన్ వ్యూలో తెరిచి ఆ ప్రాపర్టీని 'రిచ్ టెక్స్ట్'గా మార్చండి. తర్వాతే అపెండ్ క్వెరీ (ఒక టేబుల్‌లోని వరుసల్ని మరోదానికి చేర్చేది) నడపండి. ఫారంలోని టెక్స్ట్ బాక్సుకీ ఇదే ప్రాపర్టీ విడిగా ఉంటుంది, చాలామంది దాన్ని మర్చిపోయి తల పట్టుకుంటారు.

క్వెరీలో డిస్టింక్ట్ (ఒకేలా ఉన్న వరుసల్ని ఒక్కసారే చూపేది) గానీ గ్రూప్ బై (వరుసల్ని గుంపులు చేసేది) గానీ ఉంటే మాత్రం జాగ్రత్త. యాక్సెస్ ఆ ఫీల్డుని 255 అక్షరాల దగ్గర కత్తిరించేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. ముగింపు ట్యాగు తెగిపోతే మిగిలిన ఫార్మాటింగ్ కూడా గందరగోళమే. డేటాని మధ్యలో ఎక్సెల్ ద్వారా తేవడం కూడా వద్దనే నా సలహా. ఒక సెల్‌లో 32,767 అక్షరాలకు మించి పట్టవు.

డేటాని ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి (మైక్రోసాఫ్ట్ వాళ్ల పెద్ద డేటాబేస్) పంపేటట్టయితే, తెలుగు ఉన్న కాలమ్‌ని ఎన్‌వార్‌చార్‌గా (యూనికోడ్ అక్షరాలు పట్టే రకం) పెట్టండి. మామూలు వార్‌చార్‌లో సాధారణంగా అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, అలా అయినవి మళ్లీ వెనక్కి రావు. ట్యాగులు అక్కడ వట్టి టెక్స్టే, వాటిని చదివి చూపించాల్సింది మీ అప్లికేషనే.