పేద పిల్లాడంటే చిరిగిన చొక్కాలోనే కనపడాలా?

"చిన్నప్పుడు పేదరికంలో పెరిగినవాళ్ళని సమాజం ఎలా చూస్తుంది, మీ అనుభవం చెప్పండి" అని అడిగారు. చిన్నచూపు సంగతి అందరికీ తెలిసిందే, దాని గురించి కొత్తగా నేను చెప్పేదేం లేదు. నాకు ఇప్పటికీ కడుపు మండేది ఇంకోటుంది. పేద పిల్లాడు పేదగా కనపడకపోతే జనం ఊరుకోరు.

మాది వైజాగ్‌లో పెదజాలారిపేట. నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద కలాసీ, వేటకెళ్తే పది పదిహేను రోజులకి గానీ ఒడ్డుకి వచ్చేవాడు కాదు, చేప పడితే వాటా, పడకపోతే అప్పు. అమ్మ తెల్లారకముందే హార్బర్‌కెళ్ళి వేలం పాటలో చేపలు కొని గంప నెత్తినెట్టుకుని ఎంవీపీ కాలనీ వీధులన్నీ తిరిగి అమ్మేది, మిగిలినవి ఉప్పేసి ఇంటి ముందు ఎండబెట్టేది. బళ్ళో మా పేట పిల్లలం ఎప్పుడూ చివరి బెంచీయే. అక్కడ కూర్చోమని ఏ సారూ చెప్పలేదు, పక్కనోడు నీచు కంపని ముక్కు మూసుకుంటే నాలుగు రోజులకి మనమే లేచి వెనక్కి పోతాం.

ఈ సంగతి అమ్మకి ఎలా తెలిసిందో తెలిసింది. ఇక అప్పట్నుంచి నా యూనిఫాం చొక్కా బయట ఆరేసేదే కాదు, ఎండు చేపల వాసన పడుతుందని ఇంట్లో తాడు కట్టి ఆరేసేది. రెండుసార్లు సబ్బు పెట్టి, గంజి పెట్టి, పక్కింటి అక్క దగ్గర ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చి బొగ్గులేసి రుద్దేది, అదీ పగలంతా గంప మోసి వచ్చాక.

ఆరో తరగతిలో ఉండగా ఆగస్టు 15కి ఏదో సేవా సంస్థవాళ్ళు కార్లలో వచ్చారు. నిరుపేద విద్యార్థులకు నోటు పుస్తకాల పంపిణీ అని బ్యానరు కట్టారు. లిస్టులో నా పేరుంది. అందర్నీ వరసలో నిలబెట్టాక వాళ్ళలో ఒకాయన నన్ను పైనుంచి కిందదాకా చూసి మా సారుతో "ఈ అబ్బాయి బాగానే ఉన్నాడు కదండీ" అన్నాడు. సారు "లేదండీ, జాలారోళ్ళ పిల్లాడే" అని చెప్పాడు, అయినా ఆయన ఒప్పుకోలేదు. ఫొటో పేపర్లో పడుతుంది, చూసినోళ్ళు ఏమనుకుంటారు అని నన్ను వరసలోంచి పక్కకి తీసేసి, భుజం దగ్గర చొక్కా చిరిగిపోయిన మా ఫ్రెండుని వెనకనుంచి తెచ్చి ముందు నిలబెట్టాడు. వాడు ఆ చిరుగు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "చెయ్యి తియ్యి బాబూ" అన్నాడు ఫొటో తీసేవాడు. తీశాడు. వాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తే. నా దగ్గరకొచ్చేసరికి పుస్తకాలు అయిపోయాయన్నారు.

ఇంటికెళ్ళి చెప్తే అమ్మ, "ఏట్రా, ఉతికిన సొక్కా ఏసుకుంటే పేదోళ్ళం కామంటనా?" అంది. మర్నాడు చేపలమ్ముకుని అటునుంచటే బడికొచ్చేసింది, ఖాళీ గంపతోనే హెడ్మాస్టరుగారి గది ముందు నిలబడి "పుస్తకాలు నాను కొనుక్కుంతాను బాబూ, మరోపాలి మాత్రం నా కొడుకుని లైన్లోంచి లాగకండి" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి విన్నాడు, ఆ ఒక్కదానికి ఆయనంటే నాకు గౌరవం.

ఇప్పుడు ఆర్కే బీచ్‌కెళ్ళి చూడండి, బిర్యానీ పొట్లం పిల్లాడి చేతిలో పెట్టే ముందు ఫోను తీస్తారు, వాడు నవ్వేదాకా పొట్లం వదలరు. అదే పిల్లాడి తల్లి దగ్గర స్మార్ట్‌ఫోన్ కనపడితే మాత్రం వీళ్ళేం పేదోళ్ళు అంటారు. కరోనాలో ఆన్‌లైన్ క్లాసులు పెట్టింది ఎవరండీ, ఫోన్ లేకుండా ఆ పిల్లలు ఎలా చదవాలి? పేదోడు తినేదీ కట్టేదీ లెక్కపెట్టే హక్కు ఎవరిచ్చారు వీళ్ళకి!

అందుకే నా మట్టుకు నాకు, బళ్ళో ఏదిచ్చినా అందరికీ ఇవ్వడమే న్యాయం. మేం చదివేటప్పుడు మధ్యాహ్న భోజనం లేదు. వండిన అన్నమే పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పాక మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. బళ్ళో అందరూ ఒకే వరసలో కూర్చుని తింటారు, నువ్వు నిజంగా ఆకలితో ఉన్నావా అని ఎవడూ అడగడు. 2020 నుంచి గవర్నమెంటు బళ్ళలో బ్యాగు, బూట్లు, పుస్తకాలు, యూనిఫాం గుడ్డ కిట్టుగా ఇస్తున్నారు, పేరు ఏ ప్రభుత్వం ఏది పెట్టుకున్నా నాకనవసరం, పిల్లల్ని ఏరకుండా ఇస్తున్నారు, అది చాలు. మా టాక్సు డబ్బులని ఏడ్చేవాళ్ళు ఒక్కరోజు ఆ వరసలో నిలబడి చూడాలి.

ఇంకో మాట, ఇది ఒడ్డున ఉన్న ప్రైవేటు స్కూళ్ళవాళ్ళకి. మా పేటలో చాలామంది అప్పు చేసైనా పిల్లల్ని మీ దగ్గరే వేస్తున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలకి ప్రభుత్వం ఇచ్చేది 2025లో 20 వేలు చేశారు, ఇల్లు గడవడానికే అది అటూ ఇటూ. మీరు జూన్ 12కి బడి తెరిచి మొదటి వారంలోనే ఫీజు కట్టలేదని పిల్లాణ్ణి క్లాసు బయట నిలబెడతారు. వాళ్ళ నాన్న బోటెక్కేదే 15న! తిరిగొచ్చి, చేప అమ్ముడై, డీజిలూ ఐసూ ఖర్చులు పోగా వాటా చేతికి రావాలంటే నెలాఖరవుతుంది. జూలై 10 దాకా ఆగండి, కడతారు. ఆ డైరీలో ఎర్ర పెన్నుతో రాసి పంపేది కూడా పిల్లాడి చేతికివ్వకుండా తల్లికి ఫోన్ చేసి చెప్పండి.