36 ఏళ్ళకి కథల క్లాసులో చేరితే లాభమేంటి?

ప్రశ్న: మాది నంద్యాల. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాను, వైట్‌ఫీల్డ్ హోప్‌ఫామ్ దగ్గర ఉంటాం. బీకాం చదివి అయిదేళ్ళు హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిముల విభాగంలో చేశాను. బాబు పుట్టాక మానేశాను, తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు నాకు 36. బాబు స్కూల్ డైరీలో రెండు లైన్లు రాయాలన్నా మావారికి చూపించాకే రాస్తాను. వీకెండ్ క్రియేటివ్ రైటింగ్ క్లాసు ఒకటి చూశాను. 10 వారాలు, 22,000 రూపాయలు. చేరితే కాన్ఫిడెన్స్ వస్తుందా? ఉద్యోగం వస్తుందా? మావారేమో "చాట్‌జీపీటీ ఉండగా కథలు నేర్చుకోడానికి అంత డబ్బా?" అంటున్నారు. తప్పులుంటే క్షమించండి.

జవాబు: ముందు ఉద్యోగం సంగతి తేల్చేద్దాం. ఆ క్లాసు సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు. దాని గురించి అడిగిన హెచ్ఆర్ మనిషి నాకింతవరకు తగల్లేదు. 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అని చెప్పే కథల క్లాసు కనబడితే ఫోన్ పక్కన పెట్టేయండి. అలాగని చేరొద్దని చెప్పడం లేదు.

నా సంగతి చెబుతాను. 43 ఏళ్ళప్పుడు జయనగర్‌లో ఓ మేడమీద గదిలో ఇలాంటి క్లాసుకే వెళ్ళాను. అప్పటికి పదిహేనేళ్ళుగా పదిమందికీ సలహాలు చెబుతున్నదాన్ని, మైకు ముందు భయం లేదు. కానీ నేను రాసిన రెండు పేజీల జిరాక్సులు పదకొండు మంది చేతుల్లోకి వెళ్ళేసరికి అరచేతులు చెమట పట్టాయి. అక్కడ రూలేమిటంటే, రాసినవాళ్ళు నోరెత్తకూడదు. మిగతావాళ్ళు మాట్లాడుకుంటుంటే వింటూ నోట్ చేసుకోవాలి. అమెరికాలో అయొవా విశ్వవిద్యాలయంలో 1936లో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్ వల్ల బాగా వ్యాపించిన పద్ధతి ఇది. ఆరోజు రిటైరైన బస్ కండక్టర్ ఒకాయన నా కాగితం మీద పెన్సిల్‌తో అడ్డగీత గీసి, "మొదటి పేజీ అంతా మీరు గొంతు సవరించుకుంటున్నారు మేడమ్, కథ రెండో పేజీలో మొదలైంది" అన్నాడు. ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి చదువుకుంటే ఆయన చెప్పింది నిజమే. మర్నాడు మొదటి పేజీ తీసేశాను.

నాకు తెలిసి కాన్ఫిడెన్స్ అక్కడే వస్తుంది. మన రాత నలుగురి చేతుల్లో పడుతుంది, ఒకరు బాలేదంటారు, అయినా మర్నాడు మామూలుగానే తెల్లారుతుంది. ఇలా నాలుగైదుసార్లు జరిగితే డైరీలో రెండు లైన్లు పెద్ద విషయమనిపించదు. పొగడ్తలు తప్ప ఇంకేం వినబడని క్లాసుకి మాత్రం వెళ్ళకండి, డబ్బు దండగ.

ఎవరికీ చూపించకుండా రాసుకున్నా కొంత మేలుందట. జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు, తన తోటి పరిశోధకురాలితో కలిసి 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. తమను బాగా బాధపెట్టిన విషయాన్ని మనసు విప్పి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు. కానీ రాసిన వెంటనే మాత్రం వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. మీకూ అలా అయితే టెన్షన్ పడకండి.

ఇక మీ ఉత్తరం. మీరు పంపింది పెద్దది, పైన నేను కుదించాను. అందులో నాలుగుచోట్ల క్షమించమన్నారు. నాకు తప్పులు పెద్దగా కనబడలేదు. మధ్యలో ఒక పేరా ఉంది. క్లెయిము తిరస్కరించినట్టు కంపెనీ పంపే ఇంగ్లిష్ ఉత్తరం అర్థంకాక ఒక పెద్దాయన ఫోన్ చేస్తే, "మీ పాలసీ తీసుకుని ఇంకా రెండేళ్ళు కాలేదండీ, ఈ జబ్బుకి రెండేళ్ళు ఆగాలి, జూన్ తర్వాతైతే డబ్బు వచ్చేది" అని చెప్పానని రాశారు. ఆయన "ఈ ముక్క కాగితం మీదే రాయొచ్చు కదమ్మా" అన్నాడట. అమ్మా, మీ కెరీర్ ఆ పేరాలోనే ఉంది. మీరు దాన్ని దాటేసి కథల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ ముక్క కాగితం మీద రాసే పనికి బెంగళూరులో జీతాలిస్తారు. యాప్‌లో 'పేమెంట్ ఫెయిల్' అని వచ్చాక కింద ఏం రాయాలో చూసేవాళ్ళు యూఎక్స్ రైటర్లు. సాఫ్ట్‌వేర్‌నీ, పరికరాలనీ ఎలా వాడాలో వివరంగా రాసే టెక్నికల్ రైటర్లు, ఉద్యోగులకు శిక్షణ పాఠాలు తయారుచేసే ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్లు కూడా ఉన్నారు. మీ రంగంలోనే చూడండి. పాలసీ వివరాలను సులభమైన మాటల్లో ఒక పత్రంగా ఇవ్వాలని, పాలసీదారు కోరితే స్థానిక భాషలోనూ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. 2024 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. క్లెయిములు తెలిసి, తెలుగు, ఇంగ్లిష్ రెండూ సాఫీగా రాయగలిగినవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి?

మీవారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు. పదానికి ఇన్ని పైసలని లెక్కగట్టే వెబ్‌సైట్ వ్యాసాల పనిని ఏఐ నిజంగానే దెబ్బతీసింది. ఆ దారిలో వెళ్ళమని నేనెవరికీ చెప్పడం లేదు. కానీ పెద్దాయనకు అర్థంకానిది జబ్బు పేరు కాదు, రెండేళ్ళ గడువని కనిపెట్టింది మీరు. మెషీన్ రాసినదాన్ని ముందేసుకుని "ఇది ఆయనకి అర్థం కాదు" అని చెప్పడానికైనా అది తెలిసిన మనిషి కావాలి.

మరి కథల క్లాసెందుకంటారా? ఎవరు చదువుతారో ఊహించుకుని రాయడం, అక్కర్లేని వాక్యం కొట్టేయడం, గడువులోగా ఇవ్వడం, ఈ మూడింటికీ ఆఫీస్ కోర్సులకంటే కథలే మంచి సాధన. కథలో పాత్ర మాట్లాడేది సహజంగా లేకపోతే పక్కవాళ్ళు వెంటనే పట్టేస్తారు. ఆఫీసు ఉత్తరంలో అయితే ఎవరూ పట్టించుకోరు, అందుకే అవి అలా తగలడ్డాయి.

అయితే 22,000 ఇప్పుడే కట్టేయకండి. ఒక నెల ఖర్చు లేకుండా చూడండి. మీకు దగ్గర్లో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే మారకుండా కబ్బన్ పార్కు స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడ శనివారాలు 'కబ్బన్ రీడ్స్' పేరుతో జనం చెట్లకింద కూర్చుని ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుంటారు. మాట్లాడాల్సిన పనిలేదు, మొదట్లో మీకదే హాయి. అదే లైన్లో ఇందిరానగర్‌లో 'అట్ట గలాట్ట' పుస్తకాల షాపు ఉంది, రచయితల కార్యక్రమాలు పెడుతుంటారు. తెలుగువాళ్ళ మధ్య కూర్చోవాలనిపిస్తే వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది. దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నోలో ఇంటినుంచే చేసే క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా కూడా ఉంది, కానీ ఇంగ్లిష్‌లో. పైగా మీకు కావలసింది ఎదురుగా కూర్చునే మనుషులు, అందుకే మీకు దాన్ని రెండో స్థానంలో పెడతాను.

ఆ తర్వాతా ఉత్సాహం ఉంటే, మీరు చూసిన క్లాసుకి ఫోన్ చేయండి. బ్యాచ్‌లో ఎంతమంది, పది వారాల్లో మీ రాత ఎన్నిసార్లు చర్చకు వస్తుంది, తెలుగులో రాసి ఇంగ్లిష్‌లో వివరించొచ్చా అని అడగండి. ముప్పైమంది ఉంటే అది లెక్చరే. ఒక్కసారే వంతు వస్తుందంటే అంత ఫీజు ఇవ్వకండి.

ఈలోగా ఒక పని చేయండి. ఆ తిరస్కరణ ఉత్తరం గుర్తున్నంతవరకు కాగితం మీద పెట్టి, దాని కింద ఆ పెద్దాయనకు అర్థమయ్యేలా 100 పదాల్లో మళ్ళీ రాయండి, తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి. మీవారికి చూపించకుండా నాకు పంపండి. ఫీజు కట్టేముందే పంపితే మంచిది, చూసి చెబుతాను.