బీటెక్ చదివి ‘మైక్‌సెట్’ ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ చివరి సంవత్సరం. ఈసారి క్యాంపస్‌కి సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెద్దగా రాలేదు. హైదరాబాద్‌లోని ఒక సిస్టమ్ ఇంటిగ్రేషన్ కంపెనీ ఆఫర్ ఇచ్చింది. ఆస్పత్రులు, ఎయిర్‌పోర్టులు, ఫ్యాక్టరీల్లో అనౌన్స్‌మెంట్ సిస్టమ్స్ పెట్టే పనట. ‘నాలుగేళ్లు చదివి మైక్‌సెట్ పనికా’ అంటున్నారు బంధువులు. అమ్మాయికి మాత్రం ఇష్టంగానే ఉంది. పంపమంటారా?
- ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: పంపండి. చేరే ముందు కంపెనీని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి చివర్లో చెబుతాను. ముందు ఆ పనేమిటో చూద్దాం. మీ బంధువుల అభ్యంతరమంతా దాని దగ్గరే ఉంది కదా.

పెళ్లి పందిట్లో ఒక మైకు, ఒక ఆంప్లిఫయర్, నాలుగు బాక్సులు ఉంటే చాలు. ఒకరు మాట్లాడితే అందరికీ వినపడుతుంది. పెద్ద ఆస్పత్రిలో అలా కుదరదు. మూడో అంతస్తులో ఎవరికో గుండె ఆగితే ‘కోడ్ బ్లూ’ పిలుపు ఆ టీమ్ ఉండే చోట్ల తక్షణం వినపడాలి. కింద ఓపీలో టోకెన్ నంబరు పిలుస్తుంటే అది ఐసీయూలోకి వెళ్లకూడదు. అందుకే భవనాన్ని జోన్లుగా విడగొడతారు. రిసెప్షన్‌లో, సెక్యూరిటీ గదిలో, ఫైర్ కంట్రోల్ రూమ్‌లో బల్లల మీద పెట్టే మైకులకు జోన్ల వారీగా బటన్లు ఉంటాయి. కావలసిన జోన్ ఎంచుకుని, కీ నొక్కి పట్టుకుని, చైమ్ మోగాక మాట్లాడతారు.

ఇప్పుడు వస్తున్న మైక్ స్టేషన్ ఒక చిన్న కంప్యూటర్ లాంటిదే. దానికి వెళ్లేది మామూలు నెట్‌వర్క్ కేబుల్. కరెంటూ అందులోనే, డేటా కూడా అందులోనే. మాట అక్కడికక్కడే డిజిటల్‌గా మారి, ప్యాకెట్ల రూపంలో నెట్‌వర్క్ మీదుగా ఎక్కడో ర్యాక్‌లో ఉన్న ఆంప్లిఫయర్లకు చేరుతుంది. ఎవరు ఏ జోన్‌లో మాట్లాడవచ్చు, ఇద్దరు ఒకేసారి కీ నొక్కితే ఎవరి మాట ముందు వెళ్లాలి అన్నది కంట్రోలర్ చూసుకుంటుంది. ఫైర్ అలారం ప్యానెల్ నుంచి సిగ్నల్ వస్తే అన్నిటినీ ఆపేసి, బయటికి వెళ్లమనే రికార్డెడ్ సందేశం వినిపిస్తుంది. ఇవన్నీ ముందే ప్రోగ్రామ్ చేసి, ప్రతి జోన్‌లో పరీక్షించి చూపించాలి. మీ అమ్మాయి చేయబోయేది ఈ పని.

ఇందులో కష్టమైన సమస్యలు చాలావరకు నెట్‌వర్క్‌లోనే వస్తాయి. మైకు బాగానే ఉంటుంది, స్పీకరూ బాగానే ఉంటుంది, మాట మాత్రం మధ్యమధ్యలో తెగిపోతుంది. వెతికితే నెట్‌వర్క్ స్విచ్‌లో కరెంటు ఆదా చేసే గ్రీన్ ఈథర్‌నెట్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. లేదా ఒకేసారి చాలా పరికరాలకు వెళ్లే మల్టీకాస్ట్ ట్రాఫిక్ అదుపు చేసే ఐజీఎంపీ స్నూపింగ్ ఉండదు. లేదా ఆడియో ప్యాకెట్లకు ప్రాధాన్యం ఇచ్చి ఉండరు. ఆ స్విచ్ క్లయింట్ ఐటీ విభాగానిది కాబట్టి వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడి ఒప్పించాలి. ఇక ఆంప్లిఫయర్ దాటాక ఎక్కువగా పాత పద్ధతే. దూరం వెళ్లినా నష్టం తక్కువ ఉండేలా 100 వోల్టుల లైన్, ప్రతి స్పీకర్‌కూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఇటు నెట్‌వర్కూ, అటు ఈ పాత పద్ధతీ రెండూ తెలిసిన ఇంజినీర్లు తక్కువ. ఈసీఈ పిల్లలకు నేను ఈ రంగం ధైర్యంగా చెప్పేది అందుకే.

మరో మాట. గ్రానైట్ నేల, గాజు గోడలున్న హాల్లో శబ్దం పెంచినంత మాత్రాన మాట స్పష్టం కాదు, దాంతో పాటు ప్రతిధ్వని కూడా పెరుగుతుంది. స్పీకర్లు ఎక్కువ పెట్టి, ఒక్కోదాని శబ్దం తగ్గించాలి. మాట ఎంత స్పష్టంగా ఉందో 0 నుంచి 1 వరకు ఉండే ఎస్‌టీఐ (స్పీచ్ ట్రాన్స్‌మిషన్ ఇండెక్స్) కొలతతో చూస్తారు. సాధారణంగా 0.5 కంటే తగ్గకూడదంటారు. ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. 1987 నవంబరులో లండన్ కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్‌లో మంటలు లేచి 31 మంది చనిపోయారు. అనౌన్స్‌మెంట్ వ్యవస్థ ఉంది, ఆ సమయంలో ఎవరూ వాడలేదు. పరికరం పెట్టడమే కాదు, కంగారులో ఉన్న ఉద్యోగి కూడా తడబడకుండా నొక్కేలా బటన్లు అమర్చి, వాళ్లకు నేర్పించడం కూడా మీ అమ్మాయి పనే అవుతుంది. దీన్ని మైక్‌సెట్ పని అనడం అన్యాయం.

ముంబై, చెన్నై లాంటి ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ అనౌన్స్‌మెంట్లు తగ్గించేశారు కదా, ఈ రంగానికి భవిష్యత్తు ఉంటుందా అనే సందేహం మీకు రావచ్చు. అక్కడ కూడా అత్యవసర ప్రకటనల వ్యవస్థ తీసేయలేదు. పైగా అవసరమైన గేటు దగ్గర మాత్రమే వినిపించాలంటే జోన్ల ప్రోగ్రామింగ్ ఇంకా జాగ్రత్తగా చేయాలి.

కష్టాలూ చెప్పాలి. మెట్రోల్లాంటి చోట్ల పరీక్షలు చాలావరకు రైళ్లు ఆగాక, రాత్రిపూటే. కట్టడం పూర్తికాని భవనాల్లో దుమ్ములో తిరగాలి. మొదట్లో పెద్ద సాఫ్ట్‌వేర్ జీతం ఆశించకండి. అనుభవం వచ్చాక గల్ఫ్‌లో ఈఎల్‌వీ (ఎక్స్‌ట్రా లో వోల్టేజ్) ఇంజినీర్ పేరుతో ఇవే ఉద్యోగాలు దొరుకుతాయి.

చేరేలోపు సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) స్థాయి నెట్‌వర్కింగ్ నేర్చుకోమనండి. ఆడియో నెట్‌వర్కింగ్‌లో బాగా వాడే డాంటే అనే టెక్నాలజీకి ఆన్‌లైన్‌లో ఉచిత సర్టిఫికేషన్ ఉంది, అది పూర్తి చేయమనండి. రెండు మూడేళ్ల తర్వాత ఆడియో-వీడియో రంగంలో గుర్తింపు ఉన్న సీటీఎస్ సర్టిఫికేషన్ పరీక్ష రాయవచ్చు.

ఇక కంపెనీని అడగాల్సినవి. ఏ విభాగంలో వేస్తారు? డిజైన్ గానీ, టెస్టింగ్ అండ్ కమిషనింగ్ (పెట్టిన వ్యవస్థను పరీక్షించి పనిలో పెట్టడం) గానీ అయితే మంచిది. కేబుల్ పని పర్యవేక్షణ ఆరు నెలలైతే మేలే చేస్తుంది, రెండేళ్లంటే వద్దు. తయారీ కంపెనీల ట్రైనింగ్‌కి పంపుతారా? బయటి ఊళ్లలో సైట్ ఉంటే బస ఎవరు చూస్తారు, రాత్రి పని అయ్యాక వాహనం ఇస్తారా? ఇవి అమ్మాయే నేరుగా హెచ్ఆర్‌ని అడగాలి, మెయిల్‌లో జవాబు తీసుకోవాలి. బాండ్ ఉందంటే ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివాకే సంతకం పెట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం ఒప్పుకోవద్దు. చూపించి, జిరాక్స్ ఇచ్చి వెనక్కి తెచ్చుకోమనండి.