పారా కమాండో కావాలంటే దారి ఏది?

ప్రశ్న: మా పెద్దబ్బాయికి 19 ఏళ్లు, ఇంటర్ పూర్తయింది. పారా కమాండో కావాలన్న పట్టుదలతో కాలేజీ బ్యాగులో ఇసుక నింపి, వీపున తగిలించుకుని, తెల్లవారకముందే పాలకొండల వైపు పరుగెత్తుతున్నాడు. వాణ్ణి కమాండోల శిక్షణ కేంద్రంలో నేరుగా చేర్చవచ్చా?
– ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, సైన్యపు స్పెషల్ ఫోర్సెస్ శిక్షణ పాఠశాల హిమాచల్‌ప్రదేశ్‌లోని బక్లోలో ఉంది, అయితే అది సైనికులకే గాని, బయటివారు దరఖాస్తు చేసుకునేది కాదు. మీ అబ్బాయి ముందుగా అగ్నివీర్‌గా ఎంపికై, ఆపైన పారాచూట్ రెజిమెంట్‌కు స్వచ్ఛందంగా ముందుకు రావాలి. ఆ రెజిమెంట్ శిక్షణ కేంద్రం మనకు దగ్గరలోనే, బెంగళూరులో ఉంది.

అసలు వడపోత ప్రొబేషన్‌లో జరుగుతుంది. నిద్ర కరువై, వీపున బరువుతో పదుల కిలోమీటర్లు నడిచి, ఆ అలసటలోనే మ్యాపు చూసి దారి పట్టగలడా, తోటివాణ్ణి మోయగలడా అని అక్కడ పరీక్షిస్తారు. ఎక్కువమంది వెనుదిరుగుతారు, అందులో అవమానమేమీ లేదు. పారాచూట్‌తో దూకడం నేర్పేది ఆగ్రాలో: మొత్తం 5 దూకుళ్లు, వాటిలో ఒకటి రాత్రిపూట. అడవిపోరులో మెలకువలకు మిజోరంలోని వైరెంగ్టే పాఠశాల పేరుపొందింది.

ఇక ఆ ఇసుక బ్యాగు గురించి గట్టిగా చెబుతున్నాను, దాన్ని ఈ రోజే దింపించండి. ఎంపికలో 1.6 కిలోమీటర్ల పరుగు ఖాళీ వీపుతోనే ఉంటుంది; బరువుతో రాళ్లదారిలో పరుగెత్తి మోకాలు చెడగొట్టుకుంటే వైద్య పరీక్షలోనే ఆగిపోతాడు. పరుగుకన్నా ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష ఉంటుంది కనుక, సాయంత్రాలు లెక్కలకు, జనరల్ నాలెడ్జికి కేటాయించమనండి.