బుడమేరు కథ పంపిన యువ రచయితకు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవికి ఆశీస్సులు.

బుడమేరు వరద మీద నువ్వు రాసిన కథ చదివాను. 2024 సెప్టెంబరు మొదట్లో మునిగిపోయిన విజయవాడ సింగ్‌నగర్‌లో నీ కథానాయకుడు నడుములోతు నీళ్లలో తిరిగి భోజనం పొట్లాలు పంచాడు. అతడి మంచితనాన్ని నేను శంకించడం లేదు. కాని పొట్లం చేతులు మారిన ప్రతిసారీ కథ ఆ చేతులను వదిలేసి, అతడి గొంతు ఎలా పూడుకుపోయిందో చెప్పడానికి వెనక్కి వచ్చేసింది. రేషన్ కార్డునూ కొడుకు పదో తరగతి సర్టిఫికెట్టునూ పాలిథిన్ సంచిలో చుట్టి చంకలో పెట్టుకుని మేడమెట్ల మీద నిలబడ్డ ఆ ఇల్లాలికి నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు. కథ మొత్తానికి ప్రాణమున్న వాక్యం అదే.

నేను దీన్ని ఆత్మమోహం అంటున్నందుకు నొచ్చుకోకు. తన మీది ప్రేమ పెరిగిన కొద్దీ ఎదుటివారికి దక్కేది తరుగుతుందన్న లెక్క ఫ్రాయిడ్ 1914లో రాసిన వ్యాసంలో కనిపిస్తుంది. తర్వాతి తరం మనోవిశ్లేషకుడు హైన్జ్ కోహుట్ 1966లో మరో దారి చూపాడు: ఆ ఆత్మానురాగమే పక్వానికి వస్తే సృజనగా, ఇతరుల మనసు తెలుసుకునే శక్తిగా మారగలదన్నాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న నీ ఆరాటాన్ని చంపుకోమని నేను చెప్పకపోవడానికి కారణం ఇదే. అది లేనివాడు అర్ధరాత్రి దాకా కూర్చుని రాయడు.

నాకు ధైర్యమిచ్చిన విషయం ఇంకొకటి ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎరికా హెప్పర్, ఆమె సహచరులు 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఆత్మమోహం పాలు ఎక్కువగా ఉన్నా అది వ్యాధిగా ముదరని వాళ్లకు గృహహింసకు గురైన ఒక స్త్రీ మాట్లాడే వీడియో చూపించి, ఆమె స్థానంలో ఉండి ఊహించుకోమని ముందుగా చెప్పినప్పుడు, వాళ్లలో ఆమె పట్ల సహానుభూతి పెరిగింది. అంటే అటువంటి వాళ్లలో చాలామందికి ఆ శక్తి లేక కాదు, దాన్ని వాడే అలవాటు లేక. రచయితకు ఆ అలవాటే వృత్తి.

అందరికంటే నేనే ఎక్కువ సాయపడతానన్న గర్వం కూడా ఆత్మమోహమేనని, దానికి సేవాభావపు ముసుగు ఉండడం వల్ల మనకు త్వరగా దొరకదని గుర్తుంచుకో. వరద కథలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

కాబట్టి ఆ మెట్ల సన్నివేశాన్ని ఒకసారి ఆమె వైపు నుంచి రాసి చూడు. పొట్లం అందుకున్నాక విప్పకుండా ఎవరికిచ్చింది, నీళ్లు ఎన్నో మెట్టు దాకా వచ్చాయో ఎందుకు లెక్కపెట్టుకుంటోంది, ఫొటో తీస్తున్న కుర్రాడి వైపు మొహం ఎందుకు తిప్పుకుంది? ఇవి తెలిశాక నీ కథానాయకుడిని మళ్లీ తీసుకురా, అతడిని తీసేయనక్కరలేదు. రెండు ప్రతులూ పంపు, పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.