43 ఫ్లాట్లు ఇస్తామంటున్నారు, సంతకం పెట్టనా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. వయసు 62. రాజాం మున్సిపాలిటీ హద్దులోనే, ఊరి అంచున మా నాన్నగారి నుంచి వచ్చిన 80 సెంట్ల గరువు భూమి ఉంది. విశాఖ నుంచి ఒక బిల్డరు వచ్చి 96 ఫ్లాట్లు కడతామని, 45 శాతం వాటా కింద 43 ఫ్లాట్లు నాకిస్తామని, ముందుగా 10 లక్షల అడ్వాన్సు ఇస్తామని అంటున్నారు. ఇలాంటివి వస్తేనే మా ఊరికి జనం వస్తారని నాకూ ఆశగా ఉంది. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి మాత్రం ‘పొలమే కదా, పన్ను ఉండదు, మొత్తం అమ్మేయమ్మా’ అంటున్నాడు. నాకు నెలకు 38 వేల పెన్షన్, 14 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. అప్పుల్లేవు. ఏం చేయమంటారు?

జవాబు: టీచరు గారూ, మీ ఊరికి జనం రావాలన్న మీ ఆశను నేను తేలిగ్గా తీసుకోను. మన ఉత్తరాంధ్రలో విశాఖకో, హైదరాబాద్‌కో, చెన్నైకో బతుకుతెరువు కోసం ఒకరినైనా పంపని ఇల్లు అరుదు. అలాంటి చోట నలుగురు కొత్తగా వచ్చి కాపురం పెడితే ఎంత సంతోషమో నాకు తెలుసు. కానీ ఆ భారమంతా మీ పెన్షన్ మీద వేసుకోవద్దు. ఈ ఒప్పందం మీద ఇప్పుడున్నట్టుగా సంతకం పెట్టొద్దు.

ముందు పన్ను సంగతి. రిజిస్టర్ చేసిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అయితే, వ్యక్తులకు మూలధన లాభం పన్ను, అంటే ఆస్తి చేతులు మారినప్పుడు వచ్చే లాభం మీద పన్ను, సంతకం పెట్టిన ఏడాది పడదు. భవనం పూర్తయిందని సర్టిఫికెట్ వచ్చిన ఏడాది పడుతుంది. ఆ రోజు మీ వాటాకు ఉన్న ప్రభుత్వ విలువనే మీకు వచ్చిన అమ్మకం ధరగా లెక్కిస్తారు. ఒక్కో ఫ్లాటుకు 20 లక్షలు అనుకుందాం. 43 ఫ్లాట్లకు 8 కోట్ల 60 లక్షలు. 12.5 శాతం పన్ను, దాని మీద సర్‌చార్జీ, సెస్సు కలిపితే కోటి పాతిక లక్షలకు అటూ ఇటూ తేలుతుంది. 2001 ఏప్రిల్ 1 నాటి భూమి విలువను ఇందులో తగ్గించుకోవచ్చు గానీ, అప్పటి గరువు భూమి విలువ ఎంతని? సొంతిల్లు కొన్నట్టు చూపించే మినహాయింపు కూడా ఒక్క ఇంటికే. ఫ్లాట్లు మీ చేతిలో ఉంటాయి, డబ్బు ఉండదు. పన్ను కట్టడానికి అదే ఏడాది ఏడెనిమిది ఫ్లాట్లు అమ్మాలి. అదే సమయంలో బిల్డరు కూడా తన 53 ఫ్లాట్లు అమ్ముకుంటూ ఉంటారు. కొనేవాళ్లు ఇద్దరినీ బేరమాడతారు. పోనీ ముందే అమ్ముదామంటే, సర్టిఫికెట్ రాకముందు మీ వాటా అమ్మితే ఆ వాయిదా సౌకర్యం పోయి, అమ్మిన ఏడాదే పన్ను పడుతుంది.

ఇక ఖాళీ ఫ్లాట్లు. 43లో 20 ఖాళీగా ఉన్నాయనుకోండి. ఫ్లాటుకు నెలకు 1,200 మెయింటెనెన్స్ అయితే 24 వేలు. ఇంటి పన్ను అదనం. 38 వేల పెన్షన్‌లో మీకు మిగిలేదెంత?

అసలు ఆ 96 ఇళ్లలోకి వచ్చేది ఎవరు? ఈ ప్రశ్న బిల్డరును అడగండి. భోగాపురం విమానాశ్రయం పేరు చెబితే ఒప్పుకోవద్దు. అక్కడ ఉద్యోగం దొరికినవాళ్లు ఇల్లు వెతుక్కునేది భోగాపురం దగ్గరో, విజయనగరంలోనో. మీ ఊరికి రైలు కూడా లేదు, చీపురుపల్లి వెళ్లి ఎక్కాలి. రాజాంకు నిజంగా వచ్చేవాళ్లు వేరే ఉన్నారు. ఇంజనీరింగ్ కాలేజీ సిబ్బంది, ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు, పిల్లల చదువు కోసం సంతకవిటి, వంగర, రేగిడి మండలాల పల్లెల నుంచి వచ్చే కుటుంబాలు. పల్లె నుంచి వచ్చేవాళ్లకు నాలుగో అంతస్తు ఫ్లాటు మీద మోజు తక్కువ. రెండు బళ్లు పెట్టుకోవడానికి, నాలుగు బస్తాల ధాన్యం దించుకోవడానికి కింద చోటు కావాలి. బోరు నీళ్లు తాగేలా ఉండాలి, వాన పడితే గెడ్డ నీరు వీధిలోకి రాకూడదు. కొత్త కుటుంబాలను నిలబెట్టేవి ఇవే, స్విమ్మింగ్ పూల్ బొమ్మ కాదు.

ఒక పని చేయండి. ఏదైనా మామూలు రోజు రాత్రి ఎనిమిదింటికి, గత ఐదేళ్లలో మీ ఊళ్లో కట్టిన అపార్ట్‌మెంట్ల ముందు నడిచి, ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. వాచ్‌మన్‌ను అద్దెలు అడగండి. అమ్ముడైన ఫ్లాట్ల సంఖ్య మిమ్మల్ని మోసం చేయొచ్చు. బయట ఊళ్లలో ఉండి పెట్టుబడికి కొన్నవాళ్ల ఇంట్లో దీపం ఉండదు, కింద కిరాణా కొట్టుకు బేరం ఉండదు.

నా సలహా ఇది. భూమిని మూడు ముక్కలుగా చూడండి. రోడ్డు వైపు 30 సెంట్లు, అంటే 1,452 గజాలు, డెవలప్‌మెంట్‌కు ఇవ్వండి. 24 ఇళ్లు దాటకుండా, రెండు మూడు అంతస్తుల్లో. మీకు 11 వస్తాయి. అదే లెక్కన పన్ను 33 లక్షల లోపే, రెండు ఇళ్లు అమ్మితే తీరిపోతుంది. లోపలి వైపు 12 సెంట్లు, దారి హక్కు స్పష్టంగా రాసి, నేరుగా అమ్మేయండి. ఆ లాభంలో 50 లక్షల వరకు ఆరు నెలల్లోగా పన్ను మినహాయింపు బాండ్లలో పెడితే ఆ మేరకు పన్ను ఉండదు, డబ్బు మాత్రం ఐదేళ్లు కదలదు. మిగిలినదాంట్లో పన్నుకు తీసిపెట్టి, 30 లక్షల వరకు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేస్తే మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. తక్కిన 38 సెంట్లు అలాగే ఉంచండి. ఆ 24 ఇళ్లు నిండితే రెండోసారి వచ్చే బిల్డరు ఇంకా మంచి వాటాతో వస్తారు.

మంచి బిల్డర్లు చిన్న ఊళ్లకు రాకపోవడానికి సగం కారణం కాగితాలే. భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డు 1బీలో మీ పేరు ఎక్కిందా? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల హక్కు విడుదల రిజిస్టర్ అయిందా? జిరాయితీ (సొంత పట్టా) భూమే అయినా సర్వే నంబరు పొరపాటున 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో పడిందేమో చూశారా? సర్వే చేయించి రాళ్లు పాతించండి. వీటికయ్యే ఖర్చు మీ ఎఫ్‌డీలోంచి తీసినా బాధ లేదు.

అగ్రిమెంట్ విషయంలో నేను కఠినంగానే ఉంటాను. మా పెద్దనాన్నగారి స్థలం ఇలాంటి ఒప్పందంలోనే ఏడేళ్లు పిల్లర్ల దగ్గర ఆగిపోయింది. తన తరఫున సంతకాలు చేసే అధికారం (జీపీఏ) బిల్డరుకు ఇచ్చేశారు, గడువు రాయలేదు. ఆయన తన ఇల్లు చూడకుండానే పోయారు. అందుకే గడువు తేదీ, దాటితే నెలనెలా మీకిచ్చే పరిహారం, మీ వాటాను బ్యాంకులో తాకట్టు పెట్టకూడదన్న షరతు, మీ ఇళ్ల నంబర్లు, మీ వాటా మీద జీఎస్‌టీ బిల్డరే భరించాలన్న మాట, అన్నీ రాయించండి. ఎనిమిది ఇళ్లు దాటితే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కొనేవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలన్న నిబంధన అప్పుడే వర్తిస్తుంది, పని ఆగకుండా కాపాడేది అదే.

అబ్బాయికి ఒక మాట చెప్పండి. ఊరికి దూరంగా ఉన్న పొలానికైతే అతను చెప్పింది నిజమే. 10 వేల నుంచి లక్ష జనాభా ఉన్న మున్సిపాలిటీకి గాలి దూరంలో 2 కిలోమీటర్లు దాటితే పన్ను ఉండదు. మీది హద్దులోనే ఉంది కాబట్టి పడుతుంది. అయితే అంత పెద్ద ప్రాజెక్టులో అమ్మను ఒంటరిగా దింపకూడదన్న అతని భయం న్యాయమైనదే. అగ్రిమెంట్ ముసాయిదా అతనికీ పంపండి.

ఆ 10 లక్షలు తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్టా, మీకే ఉండిపోయేదా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు కాగితం మీద వచ్చేదాకా చెక్కు బ్యాంకులో వేయొద్దు.