పచ్చళ్ల పార్సిల్‌కి ఏ కొరియర్? రేటు ఒక్కటే చూడకమ్మా

కావలి నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. ఇంట్లోనే పచ్చళ్లు, కారప్పొడులు చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని హైదరాబాదు, చెన్నై, బెంగళూరు పంపిస్తా ఉందంట. నెలకి సుమారు 80 పార్సిళ్లు, ఒక్కోటి 2 కిలోల సరుకు, బిల్లు 1,100 రూపాయలు, అందులోనే డెలివరీ. ఇప్పుడు వాడుతున్న కొరియర్ ఆయన పార్సిల్‌కి 120 తీసుకుంటాడు, కానీ పోయిన నెల 6 పార్సిళ్లు పగలడమో కనపడకుండా పోవడమో అయింది. ఇంకో కౌంటర్ వాళ్లు 160 అంటున్నారు. ఈలోపు మొదటాయన 40,000 అడ్వాన్స్ కడితే 100కే చేస్తానన్నాడంట. "అన్నా, ఏది చెయ్యమంటారు, పిల్లోడి ఫీజుకని దాచిన 40,000 నా దగ్గర ఉన్నాయి" అని అడిగింది.

చెల్లెమ్మా, ముందు ఆ ఫీజు డబ్బులు ముట్టుకోవద్దు. మిగతా లెక్క తర్వాత చూద్దాం కానీ ఇదొక్కటి గట్టిగా చెప్తున్నా. పార్సిల్‌కి 20 తగ్గితే నెలకి నీకు మిగిలేది 1,600, అది బానే ఉంది, కానీ ఆయన రేపు కౌంటర్ ఎత్తేస్తేనో ఫ్రాంచైజీ ఇంకొకరికి మారితేనో ఆ 40,000 మళ్లీ కూడబెట్టడానికి ఈ 1,600 లెక్కన 25 నెలలు పడుద్ది. మన ఊళ్లలో కొరియర్ ఆఫీసుల్లో చాలావరకు ఫ్రాంచైజీలే, బోర్డు మీద పెద్ద కంపెనీ పేరు ఉంటది, లోపల నడిపేది మన ఊరాయనే, ఆయన చేతికి నువ్వు ఇచ్చిన అడ్వాన్స్ గురించి పై కంపెనీకి తెలియను కూడా తెలియదు. డిస్కౌంట్ కావాలంటే వేరే రకంగా అడుగు, నెలకి ఇన్ని పార్సిళ్లు నీకే ఇస్తా, 15 రోజులకొకసారి బిల్లు కడతా, రేటు ఎంతకి చేస్తావు అని. నెలకి 80 పార్సిళ్లంటే కావలి లాంటి ఊళ్లో ఏ కౌంటర్‌కైనా వదులుకోబుద్ది కాదు, నువ్వు చిన్న కస్టమర్‌వి అనుకోవద్దు.

ఇప్పుడు 120కి 160కి తేడా చూద్దాం. 120 లెక్కన 80 పార్సిళ్లకి 9,600. 160 లెక్కన 12,800. పైకి చూస్తే 3,200 ఎక్కువ. కానీ పగిలిన పార్సిల్‌కి నువ్వు మళ్లీ పంపాలిగా, సరుకు, ప్యాకింగ్ కలిపి ఒక 600 అనుకుంటే దాని మీద మళ్లీ కొరియర్ 120, మొత్తం 720. పోయిన నెల 6 పోయినాయి అంటే 4,320. అప్పుడు చవక కొరియర్ ఖర్చు 13,920 అయింది. 160 వాళ్ల దగ్గర నెలకి ఒకటి పోయిందనుకుందాం, దానికి సరుకు 600, కొరియర్ 160, మొత్తం 760 కలిపితే 13,560. అంటే 40 రూపాయలు ఎక్కువ అన్న కొరియరే నెలకి 360 తక్కువ పడింది. అలాగని ఇది పెద్ద తేడా అని నేను చెప్పను, నెలకి 5 లోపు పోతే చవకదే ఇంకా చవక, 6కి వచ్చేసరికి లెక్క అటు తిరిగింది, అంతే. కానీ ఈ కాగితం మీదకి రానిది ఒకటి ఉంది, ఆ 6 మందిలో ఎంతమంది మళ్లీ ఆర్డర్ పెడతారు? ఇంటి పచ్చడి వ్యాపారం అంతా మళ్లీ మళ్లీ తెప్పించుకునేవాళ్ల మీదే నడుస్తది, ఒకావిడ రుచి నచ్చి వాళ్ల చెల్లెలికి చెప్తది, ఆ చెల్లెలు ఆఫీసులో నలుగురికి చెప్తది, నూనె కారిన డబ్బా ఒకటి వెళ్లిందంటే ఆ వరస అక్కడితో తెగిపోద్ది. అందుకే నేను 160 వైపే మొగ్గుతా.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. 160 అన్నది జీఎస్టీతో కలిపా, కాకుండానా? కొరియర్ మీద 18 శాతం, కలపకుండా చెప్పి ఉంటే అది 189 అవుద్ది, అప్పుడు పైన నేను వేసిన లెక్క మొత్తం తిరగబడుద్ది. 120 ఆయన్నీ ఇదే అడుగు, అసలు బిల్లు ఇస్తున్నాడా లేక చిన్న స్లిప్పు రాసిచ్చి పంపేస్తున్నాడా అనేది కూడా చూడు. బిల్లు లేకపోతే పార్సిల్ పోయినప్పుడు అడగడానికి నీ చేతిలో ఏమీ ఉండదు.

రెండోది బరువు. కాటా మీద ఉన్న బరువు ఒకటి, డబ్బా సైజు బట్టి వేసే బరువు ఇంకొకటి, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5,000తో భాగిస్తారు, కొందరు అంతకంటే చిన్న అంకెతో భాగిస్తారు, అప్పుడు బరువు ఇంకా పెరుగుద్ది, అది ముందే అడిగి తెలుసుకో. నువ్వు 30, 25, 20 సైజు అట్టపెట్టె వాడితే అది 3 కిలోల కింద లెక్క, లోపల సరుకు 2 కిలోలే అయినా సరే. అదే సరుకు 24, 16, 18 పెట్టెలో సర్దితే సైజు బరువు 1.4 కిలోలు కూడా రాదు, కాటా బరువే లెక్కలోకి వస్తది. కొరియర్ మార్చకుండానే మిగిలే డబ్బు ఇది, పెట్టె సరిపోయేట్టు ఉంటే లోపల డబ్బా కదలదు కాబట్టి పగలడమూ తగ్గుద్ది.

ప్యాకింగ్ గురించి ఇంకొంచెం చెప్తా, ఎందుకంటే ఈ దెబ్బ మా ఇంట్లోనే తగిలింది. మేం బెంగళూర్లో ఉన్న మా పెద్దమ్మాయికి ఆవకాయ పంపిస్తే ఎనిమిది రోజులు పార్సిల్ ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు, చివరికి తిరిగి ఒంగోలుకే వచ్చింది. చూస్తే మూత దగ్గర సన్నగా నూనె ఊరి, అట్ట అంతా తడిసి, పైన పెన్నుతో రాసిన అడ్రస్ మీద ఎర్రగా పాకింది, పిన్‌కోడ్‌లో మొదటి రెండు అంకెలు తప్ప ఏమీ కనపడటం లేదు. పార్సిల్ పోలేదు, అడ్రస్ పోయింది. అప్పటి నుంచి నేను అందరికీ చెప్పేది ఒకటే, అడ్రస్ కాగితం ఇంకోటి ఫోన్ నంబర్‌తో సహా ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్టె లోపల కూడా వెయ్యండి అని. పచ్చడి డబ్బాలో కాకుండా మందం పౌచ్‌లో సీల్ చేసి, ఆ పౌచ్‌ని ఇంకో పౌచ్‌లో వేసి, అప్పుడు పెట్టెలో పెట్టు. పైన నూనె తేలేంత నిండా పొయ్యొద్దు, కొంచెం ఖాళీ ఉండాలి. పోయిన నెల పోయిన 6లో ప్యాకింగ్ వల్ల పోయినవెన్నో, కొరియర్ వల్ల పోయినవెన్నో నిజాయితీగా విడదీసి చూసుకో, ప్యాకింగ్ తప్పైతే 160 ఇచ్చినా పగులుద్ది.

తర్వాత, ఒక రోజు సాయంత్రం బండి ఎక్కించే టైముకి ఆ రెండు ఆఫీసుల దగ్గరకీ వెళ్లి ఊరికే ఒక పావుగంట నిలబడు. నేను ఒకచోట అలా నిలబడి చూశా, కుర్రోళ్లు గోతాల్లో పార్సిళ్లు కుక్కుతున్నారు, ఒక మెత్తటి అట్టపెట్టె మీద మోటార్ స్పేర్ పార్టు పెట్టె ధబీమని పడింది, ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇంకోచోట తిండి సరుకు పక్కన పెట్టి చివర్లో పైన ఎక్కిస్తున్నారు. ఆ పావుగంటలో తెలిసినంత రేటు కార్డులో తెలియదు. అక్కడే అడుగు, బండి ఎన్నింటికి వెళ్తది, హైదరాబాదు సరుకు ఒంగోలు మీదుగా నేరుగా పోతదా లేక ముందు నెల్లూరు దిగి మళ్లీ వెనక్కి వస్తదా అని. ఒకవేళ నెల్లూరు దిగిందంటే అక్కడ ఒకసారి దింపుడు ఎక్కుడు ఎక్కువ, ఒక రోజు ఎక్కువ.

పార్సిల్ పోతే కంపెనీ డబ్బులు కడుతుందిలే అనే ధైర్యం పెట్టుకోవద్దు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో మా బాధ్యత ఇంతవరకే అని ఒక అంకె రాసి ఉంటది, సంతకం పెట్టినవాళ్లకి అది వర్తిస్తదని సుప్రీంకోర్టే 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ ఒక కొరియర్ కంపెనీ మీద వేసిన కేసులో చెప్పింది. కాబట్టి సంతకం ముందు ఆ అంకె ఎంతో చదువు. కొంతమంది ఓనర్స్ రిస్క్ (పోతే నష్టం పంపినవాళ్లది), క్యారియర్స్ రిస్క్ (పోతే నష్టం కొరియర్ వాళ్లది) అని రెండు రకాలుగా బుక్ చేస్తారు, రెండోదానికి కొంచెం ఎక్కువ తీసుకుంటారు. 1,100 సరుకుకి అది గిట్టుబాటు కాదు, దాని బదులు నువ్వే పార్సిల్‌కి 10 రూపాయలు పక్కన వెయ్యి, వేరే అకౌంట్లో అయినా సరే, డబ్బాలో అయినా సరే. నెలకి 800 అవుద్ది, 160 కొరియర్‌లో ఒక పార్సిల్ పోతే పడే 760 అందులోంచే వస్తది. దసరా, సంక్రాంతికి పెద్ద ఆర్డర్లు పంపినప్పుడు మాత్రం క్యారియర్స్ రిస్క్ గురించి ఆలోచించు.

క్యాష్ ఆన్ డెలివరీ అడిగేవాళ్లు ఉంటారు. తిండి సరుకుకి అది పెట్టుకోవద్దమ్మా. తలుపు దగ్గర వద్దన్నారంటే పోను ఖర్చు, రాను ఖర్చు రెండూ నీవే, తిరిగొచ్చిన పచ్చడి ఇంకొకరికి పంపలేవు. డెలివరీ అయినవాటి డబ్బులు కూడా వెంటనే రావు, కొరియర్ వాళ్ల దగ్గర కొన్ని రోజులు ఉంటాయి. 20 పార్సిళ్లు ఇలా పంపావంటే 22,000 అక్కడ ఆగిపోయినట్టు, ఇటు చూస్తే నూనె డబ్బాకి, కారానికి నువ్వు రొక్కం కట్టాలి.

అన్నీ ఒకే కొరియర్‌కి ఇవ్వాలని కూడా లేదు. ఒంగోలు, నెల్లూరు, విజయవాడ కస్టమర్లు బస్టాండుకి వచ్చి తీసుకుంటామంటే ఆర్టీసీ కార్గో చూడు. ఉదయగిరి, సీతారామపురం లాంటి లోపలి వైపు అయితే చాలా ప్రైవేటు కొరియర్లు ఇంటిదాకా రావు, ఫోన్ చేసి మండలం హెడ్‌క్వార్టర్‌కి వచ్చి తీసుకోండి అంటారు, వాటికి పోస్టాఫీసే మేలు, పోస్ట్‌మ్యాన్ ఇంటికి వస్తాడు. హైదరాబాదు, చెన్నై, బెంగళూరుకి మాత్రం ఒక కౌంటర్‌నే నమ్ముకుని రేటు తగ్గించుకో, రెండోది స్టాండ్‌బైగా నెలకి పదైనా ఇస్తా ఉండు, ఒకరు సమ్మె చేసినా బండి ఆగినా నీ పని ఆగదు.

ఒక నెల ఇలా చెయ్యి. 40 పార్సిళ్లు 120 ఆయనకి, 40 పార్సిళ్లు 160 వాళ్లకి ఇవ్వు, హైదరాబాదువి, చెన్నైవి రెండు వైపులా సమంగా పంచు. నోట్‌బుక్‌లో పంపిన తేదీ, డాకెట్ నంబర్ (రసీదు మీద ఉండే పార్సిల్ నంబర్), ఊరు, చేరిన తేదీ, ఎలా చేరింది అని రాస్తా పో. లేటైన పార్సిల్ గురించి ఫోన్ చేసినప్పుడు ఎవరు ఎత్తారు, ఏం చెప్పారు అనేది కూడా రాయి, నా మటుకు నేను దానికే ఎక్కువ మార్కులేస్తా, పొరపాటు ఎవరికైనా జరుగుద్ది, ఫోన్ ఎత్తి "అక్కా, పార్సిల్ హబ్‌లో ఆగింది, రేపు కదిలిస్తా" అని చెప్పే మనిషి దొరకడం కష్టం.

ఇంకో ముఖ్యమైన సంగతి, నువ్వు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు మూడూ మనకి వేరే రాష్ట్రాలు. టర్నోవర్ తక్కువేగా అని చాలామంది జీఎస్టీ రిజిస్ట్రేషన్ వదిలేస్తారు, కానీ పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే టర్నోవర్‌తో పని లేకుండా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) ఉండి వేరే రాష్ట్రానికి పంపడమూ కుదరదు. ఈ నెలలోనే ఒక ఆడిటర్ దగ్గర కూర్చో. మామూలు రిజిస్ట్రేషన్ ఉంటే కొరియర్ బిల్లు మీద కట్టిన 18 శాతం నీ పన్నులో తగ్గించుకోవచ్చు, అప్పుడు బిల్లు సరిగా ఇచ్చే కౌంటర్ నీకు ఇంకా చవక పడుద్ది. లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ (తిండి సరుకు అమ్మడానికి ప్రభుత్వం ఇచ్చే నంబర్) కూడా ఉండాలి.

రేపు ఆయన మళ్లీ అడ్వాన్స్ మాటెత్తితే గొడవేమీ పెట్టుకోవద్దు. "అన్నా, ఈ నెల నీకు 40 పార్సిళ్లు ఇస్తా, ఒక్కటి కూడా పగలకుండా చేర్చు, వచ్చే నెల రేటు మాట్లాడుకుందాం" అను. పిల్లోడి ఫీజు మాత్రం ఈ వారమే స్కూల్లో కట్టేసి రసీదు తెచ్చుకో.